ఒక పిల్ల, ఇద్దరు కోచ్‌లు, వారానికి 36 కిలోమీటర్లు

పోయినేడు మార్చిలో ఒక సోమవారం పొద్దున మా పెద్దది అద్దం ముందు నించుని జడ వేసుకోబోయి ఆగిపోయింది. కుడి చెయ్యి ఎత్తింది, చెవి దాకా వచ్చింది, అక్కడితో ఆగింది. మళ్ళీ దించింది, మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అక్కడే. అద్దంలోంచే నన్ను చూసి "అమ్మా, కొంచెం నువ్వు వేస్తావా" అంది. ఆరో క్లాసు నుంచీ నన్ను తల ముట్టుకోనివ్వని పిల్ల అది. క్లోరిన్‌కి జుట్టంతా కొబ్బరిపీచులా అయిపోయింది, నూనె పెడతానే అంటే పారిపోయేది. అలాంటిది తనంతట తనే వచ్చి కూర్చుంటే నాకు ముందు సంతోషమే వేసింది, నిజం చెప్తున్నా, సగం జడ అల్లాక గానీ బుర్ర వెలగలేదు, ఇది చెయ్యి ఎందుకు ఎత్తలేకపోతోంది అని.

ఇదంతా రాయడానికి కారణం ఏంటంటే, ఈమధ్య మా చుట్టుపక్కల తెలుగు వాళ్ళలో ఇద్దరు ముగ్గురు అడిగారు, మీ అమ్మాయి క్లబ్ స్విమ్మింగూ హైస్కూల్ టీమూ రెండూ చేస్తుంది కదండీ, ఎలా మేనేజ్ చేస్తున్నారు అని. మేనేజ్ చేస్తున్నాం అని నవ్వి ఊరుకున్నా గానీ అసలు సంగతి మొదటి ఏడాది మేము చెయ్యలేదు, చేస్తున్నాం అనుకున్నాం అంతే.

మేము ఉండేది కాలిఫోర్నియాలో, ఈస్ట్ బేలో. దీన్ని ఎనిమిదేళ్ళప్పుడు స్విమ్మింగ్‌లో వేశాం, మునిగిపోకుండా ఉంటే చాలు అనుకుని. మాది తెనాలి. మూడు కాలవలున్న ఊళ్ళో పుట్టి కూడా నాకు ఈత రాదు, ఆడపిల్లవి కాలవలో దిగుతావా అని మా నాయనమ్మ గోల. మా నాన్న మాత్రం నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నారంట, రెండు రోజుల్లో వచ్చేసిందంట, ఫీజు సున్నా. ఇక్కడ దీని ఫీజు విని ఆయన కాసేపు మాట్లాడలేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, క్లబ్బూ హైస్కూలూ రెండూ ఈతే గానీ రెండు వేరే ఆటలు. క్లబ్ అంటే యూఎస్ఏ స్విమ్మింగ్ అనే జాతీయ సంస్థ కింద ఉండేది, మా వైపు క్లబ్బులన్నీ పసిఫిక్ స్విమ్మింగ్ కిందకి వస్తాయి. ఏడాది పొడుగునా ఉంటుంది, మధ్యలో రెండు మూడు వారాలు సెలవులు. అక్కడ లెక్కంతా టైమే. బీ, డబుల్ బీ, ఏ, డబుల్ ఏ అంటూ నాలుగు ఏల దాకా టైమ్ స్టాండర్డ్స్ ఉంటాయి, ఒక్కో వయసుకి ఒక్కో పట్టిక. పిల్ల తన పాత టైముతో తను పోటీ పడుతుంది, పక్క లేన్‌లో ఎవరున్నారో కూడా చాలాసార్లు పట్టదు. శని ఆది రెండు రోజులూ మీట్, చేతి మీద మార్కర్‌తో ఈవెంట్ నంబరు, హీట్ (అంటే ఎన్నో బ్యాచ్), లేన్ రాసుకుని తిరుగుతుంటారు, మూడు నిమిషాల ఈతకి మూడు గంటలు టెంట్ కింద కూర్చోవడం. తల్లిదండ్రులం స్టాప్‌వాచ్ పట్టుకుని టైమింగ్ చెయ్యాలి, ఆ గంటలు పూర్తి చెయ్యకపోతే డబ్బులు కట్టాలి.

హైస్కూల్ అలా కాదు. రెండు స్కూళ్ళు ఎదురెదురు, డ్యూయల్ మీట్ అంటారు, సాయంత్రం మొదలెట్టి చీకటి పడేలోపు అయిపోతుంది. ఈత ఈవెంట్లు పదకొండు, డైవింగ్ కలిపితే పన్నెండు. ఒక పిల్ల మొత్తం నాలుగు ఈవెంట్లకి మించి ఈదకూడదు, అందులో సొంతంగా ఈదేవి రెండే, మిగతావి రిలేలు. ఆరు లేన్ల పూల్‌లో మొదటి వాళ్ళకి 6 పాయింట్లు, తర్వాత 4, 3, 2, 1. రిలే గెలిస్తే 8. అంటే నీ టైము గొప్పగా లేకపోయినా నాలుగోదానివి ఐదోదానివి అయితే నీ ఒకటీ రెండు పాయింట్లు టీముకి కావాలి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది, దాని గురించి కింద చెప్తా.

తొమ్మిదో క్లాసులో స్కూల్ టీమ్ వద్దన్నాడు క్లబ్ కోచ్. "ఒక ఏడాది ఆగండి, బేస్ పాడవుతుంది" అన్నాడు, ఆగాం. పదో క్లాసులో ఇది ఆగలేదు. దాని ఫ్రెండ్స్ అందరూ స్కూల్ టీమ్ జాకెట్లు వేసుకు తిరుగుతుంటే ఇది ఒక్కతే క్లబ్ పార్కా (ఈతగాళ్ళు వేసుకునే పొడుగు కోటు) వేసుకుని తిరగడం, అదొక అవమానం. నా సంగతి కూడా దాచను, కాలేజ్ అప్లికేషన్‌లో వర్సిటీ (అంటే స్కూల్ మెయిన్ టీమ్) అని ఒక ముక్క ఉంటే బాగుంటుంది కదా అని నేనూ లోపల లెక్కేసుకున్నా. నిజానికి ఈతతో కాలేజీకి వెళ్ళే స్థాయి పిల్లలకైతే కోచ్‌లు చూసేది టైములే, ఏ టోపీ పెట్టుకుని ఈదావు అని కాదు, మనది ఆ స్థాయి కాదని నాకూ తెలుసు దానికీ తెలుసు. మా ఆయన అయితే ఒకటే పాట, కేటీ లెడెకీ పదిహేనేళ్ళకి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల గోల్డ్ కొట్టి ఇంటికొచ్చి మళ్ళీ స్టోన్ రిడ్జ్ అని తన స్కూల్ టీముకి ఈదింది, మిస్సీ ఫ్రాంక్లిన్ అదే ఒలింపిక్స్‌లో నాలుగు గోల్డ్‌లు తెచ్చుకుని కొలరాడోలో తన హైస్కూల్ టీముకి సీనియర్ ఇయర్ కూడా ఈదింది, వాళ్ళకి కుదిరింది మన దానికి కుదరదా అని. వాళ్ళకి కుదిరింది కాబట్టే వాళ్ళ పేర్లు నీకు తెలుసు, కుదరని వాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు అన్నా. ఆయన వినలేదు, నేనూ గట్టిగా అనలేదు.

ఇంకోటి, ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదాన్ని బట్టి ఈ తిప్పలు మారతాయి. మా చిన్నాన్న కూతురు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటుంది, వాళ్ళకి హైస్కూల్ సీజన్ చలికాలంలో, ఫిబ్రవరిలో స్టేట్ మీట్‌తో అయిపోతుంది, పైగా స్కూల్ టైములోనే అథ్లెటిక్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ప్రాక్టీస్ కొంత అక్కడే గడిచిపోతుంది. "అక్కా, మీకెందుకే అంత హడావుడి" అంటుంది. మాకు కాలిఫోర్నియాలో హైస్కూల్ స్విమ్మింగ్ వసంతకాలం ఆట, ఫిబ్రవరిలో మొదలై మే దాకా. సరిగ్గా ఆ టైముకే క్లబ్ వాళ్ళు 25 గజాల పూల్ వదిలి 50 మీటర్ల లాంగ్ కోర్సుకి మారుతుంటారు. 25 గజాలంటే 23 మీటర్లు కూడా లేదు. స్కూల్‌లో నాలుగు బారలేసేసరికి గోడ, టర్న్, మళ్ళీ గోడ. క్లబ్‌లో ఆ గోడ ఎంతకీ రాదు. సోమవారం ఒకటి మంగళవారం ఒకటి ఈదితే పిల్లకి ఊపిరి లెక్కే తప్పిపోతుంది, ఇది చెప్పిన మాట "అమ్మా, నా గోడ ఎక్కడికో వెళ్ళిపోయింది" అని.

దీనికి తోడు రూలు ఒకటి. కాలిఫోర్నియాలో హైస్కూల్ ఆటలన్నీ చూసే సీఐఎఫ్ ఉంది కదా, వాళ్ళ రూలు ప్రకారం హైస్కూల్ సీజన్ నడుస్తుండగా అదే ఆటలో బయటి టీము తరఫున పోటీ చెయ్యకూడదు. క్లబ్‌లో ప్రాక్టీస్ చెయ్యొచ్చు, పోటీకి వెళ్తే మాత్రం క్లబ్ పేరు లేకుండా అన్‌అటాచ్డ్ అని ఈదాలి. పాయింట్లు క్లబ్బుకి పోవు, రిలేల్లో ఉండకూడదు. పొరపాటున క్లబ్ పేరుతో ఈదితే స్కూల్ తరఫున ఎలిజిబిలిటీకే ఎసరు. క్లబ్ మీట్ ఫారంలో అన్‌అటాచ్డ్ గడి నింపాం, ఎవరు ఎప్పుడు ఈదాలో ఉండే హీట్ షీట్‌లో కూడా అలాగే వచ్చింది, అంతా కరెక్టే అనుకున్నా. తీరా మీట్ రోజు ఇది ఏడేళ్ళ అలవాటుకొద్దీ క్లబ్ టోపీ పెట్టుకుని బ్లాక్స్ వెనక్కి వెళ్ళిపోయింది. పక్క టెంట్‌లో ఒకావిడ చూసి "మీ అమ్మాయి హైస్కూల్ టీమ్‌లో లేదూ?" అంది, నేను పరిగెత్తా, డెక్ మీద పరిగెత్తకూడదని అరుస్తున్నా పరిగెత్తా, ఇది టోపీ తీసి తిరగేసి లోపలి వైపు బయటికి పెట్టుకుంది. చూస్తే అక్కడ ఇంకో నలుగురైదుగురు పిల్లలు అలా టోపీలు తిరగేసుకునే ఉన్నారు, పాపం ఏదో ఇల్లూ వాకిలీ లేని పిల్లల్లాగా.

ఆ రోజు ఉగాది. 2025లో ఉగాది మార్చి 30, ఆదివారం పడింది. స్టీలు డబ్బాలో ఉగాది పచ్చడి పట్టుకెళ్ళి టెంట్ కింద కూర్చుని తిన్నాం. దీని క్లబ్ ఫ్రెండ్స్ నలుగురూ రిలే ఈదుతుంటే ఇది గట్టు మీద నించుని చూస్తోంది, మూడేళ్ళుగా ఆ రిలేలో రెండో పిల్ల ఇది. పచ్చడి ఇంకాస్త కావాలా అన్నా. వద్దంది, వేపపూలు పళ్ళలో ఇరుక్కున్నాయి అని ఎటో చూస్తూ ఉండిపోయింది.

కానీ ఆ ఉగాది నాటికి భుజం గొడవ మొదలై రెండు వారాలు దాటింది, ఆ రోజు అది ఈదింది కూడా ఒక్క ఈవెంటే. నేను వెనక్కి వెళ్ళి చెప్పాలి.

ఫిబ్రవరిలో నేను ఒక ఎక్సెల్ షీట్ చేశా. నేను చేసే ఉద్యోగం ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, కాబట్టి నా చేతికి ఏది దొరికినా షీట్ అయిపోతుంది. స్కూల్ పసుపు, క్లబ్ నీలం, చదువు ఆకుపచ్చ, మనబడి తెలుగు క్లాసు గులాబీ రంగు. కాలిఫోర్నియాలో 2022 నుంచీ హైస్కూళ్ళు పొద్దున ఎనిమిదిన్నర కంటే ముందు మొదలెట్టకూడదని చట్టం, పిల్లలు నిద్రపోవాలని, మంచిదే, కానీ పొద్దున లేటుగా మొదలైతే సాయంత్రం లేటుగా వదులుతారు కదా. నాలుగింటికి స్కూల్ పూల్, ఐదున్నరకి అయిపోతుంది, ఆరింటికి క్లబ్ పూల్, ఎనిమిదింటికి అయిపోతుంది. మధ్యలో అరగంట ట్రాఫిక్‌లో. వెనక సీట్లో తడి జుట్టుతో, పార్కా కప్పుకుని, డబ్బాలోంచి దద్దోజనం స్పూనుతో తింటూ ఫోన్‌లో కెమిస్ట్రీ చూసుకుంటూ వచ్చేది. నేను అద్దంలో చూసి అబ్బో ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయేదాన్ని. శుక్రవారం పొద్దున ఐదింటికి క్లబ్ వాళ్ళ మార్నింగ్ ప్రాక్టీస్ అదనం. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "రెండు పడవల మీద కాళ్ళు పెట్టిస్తున్నావే పిల్లతో" అంటే, పడవల్లేవమ్మా, ఈత కదా అని జోకు కూడా వేశా.

షీట్‌లో ఎక్కడా ఒక గడి మీద ఇంకో గడి పడలేదు. అదే నా ధీమా. టైముకి టైము సరిపోయింది కాబట్టి అంతా సరిపోయిందనుకున్నా.

జడ రోజు తర్వాత డాక్టర్ దగ్గరకి, అక్కణ్ణించి ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరకి. ఆవిడ కాలేజీలో ఈదిందంట. దీని చెయ్యి అటూ ఇటూ తిప్పి, భుజంలో రొటేటర్ కఫ్ అనే కండరాల కట్ట రేగింది, వాడకం ఎక్కువై వచ్చింది, చిరగలేదు, ఆపితే తగ్గుతుంది అంది. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది, వారానికి ఎన్ని యార్డులు (గజాలు) ఈదుతున్నావు అని. ఇది నా వైపు చూసింది. నేను దాని వైపు చూశా. అంత రంగుల షీట్ చేసినదాన్ని, అందులో గంటలున్నాయి, అడ్రసులున్నాయి, ఏ రోజు ఎవరు కార్ తియ్యాలో ఉంది, యార్డులు లేవు.

అక్కడే కూర్చుని లెక్కేశాం. స్కూల్‌లో రోజుకి సుమారు 3500, ఐదు రోజులు. క్లబ్‌లో 5500, నాలుగు రోజులు. మొత్తం 39,500 గజాలు. అంటే 36 కిలోమీటర్లు. జనవరిలో క్లబ్ ఒక్కటే ఉన్నప్పుడు ఐదు రోజులకి 25. ఒక్క నెలలో పదకొండు కిలోమీటర్లు పెరిగింది. మా నాన్నకి చెప్తే "తెనాల్నించి బెజవాడ దాటిపోతుంది కదే, వారం వారం ఈదుకుంటూ వెళ్తోందా పిల్ల" అన్నారు.

ఇందులో ఏ కోచ్‌దీ తప్పు అనలేను. స్కూల్ కోచ్ తన ప్రాక్టీస్ తేలికగానే పెట్టింది, ఆవిడ టీమ్‌లో సగం మంది నిరుడే ఈత మొదలెట్టిన వాళ్ళు. క్లబ్ కోచ్ తను ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చాడు. ఇద్దరు వంటవాళ్ళు ఎవరికి వారు సరిగ్గానే ఉప్పేశారు, కూర ఒకటేనని ఇద్దరికీ చెప్పాల్సిన దాన్ని నేను. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు, మాట్లాడుకుంటారు అని నేనెందుకు అనుకున్నానో నాకే తెలీదు.

మూడు వారాలు చేత్తో ఈత తగ్గించమంది థెరపిస్ట్. బటర్‌ఫ్లై వద్దు, అరచేతులకి తగిలించుకునే ప్యాడిల్స్ వద్దు, బోర్డు పట్టుకుని కాళ్ళే. నేను ఇద్దరు కోచ్‌లకీ పెద్ద ఈమెయిల్ రాశా, బుల్లెట్ పాయింట్లతో సహా. స్కూల్ కోచ్ రెండు లైన్లలో సరే అంది. క్లబ్ కోచ్ నుంచి వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తొస్తే మండుతుంది, "ఇందుకే నేను తొమ్మిదో క్లాసులో వద్దన్నాను" అని మొదలుపెట్టాడు, తర్వాత ప్రాధాన్యతల గురించి ఒక పేరా. పిల్ల భుజం ఎలా ఉందని చివరి లైన్లో. ఆయన పేరు రాయను, క్లబ్ పేరూ రాయను, మంచి కోచే, దీనికి ఫ్రీస్టైల్ నేర్పింది ఆయనే. కానీ ఆ ఈమెయిల్ మాత్రం బాగాలేదు.

ఆ మూడు వారాల్లోనే ఒక బుధవారం డ్యూయల్ మీట్ ఉంది. ఇది ఈదట్లేదు కదా, ఇంటికొచ్చెయ్యి, ఏపీ వరల్డ్ హిస్టరీ చదువుకో అన్నా. (ఏపీ అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, నాకు మాత్రం ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆంధ్రానే, అది వేరే సంగతి.) వినలేదు, వెళ్తానంది. పికప్ చేసుకుందామని కొంచెం ముందే వెళ్తే 500 ఫ్రీ మొదలవబోతోంది. 500 గజాలంటే అటూ ఇటూ కలిపి ఇరవై పొడవులు, ఈదే పిల్లకి లెక్క తప్పకుండా అవతలి గట్టున ఇంకో పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని ప్లాస్టిక్ నంబర్ల పలక నీళ్ళలో ముంచి చూపిస్తుంది. 3, 5, 7 అని బేసి అంకెలే ఉంటాయి, చివరికి అంకె బదులు మొత్తం నారింజరంగు పలక. అది కనపడితే ఇక వెళ్ళి గోడ ముట్టుకోవడమే.

మా పిల్ల ఆరో లేన్ దగ్గర కూర్చుంది. ఆ లేన్‌లో ఈదేది తొమ్మిదో క్లాసు అమ్మాయి, నిరుడే ఈత మొదలెట్టింది, 500 ఎప్పుడూ ఈదలేదంట. కళ్ళజోడు తీసేస్తే అంకెలు కనపడవు, గట్టిగా ఊపు అని దీన్ని ముందే అడిగిందంట. ఇది కుడిచేత్తో ఊపకూడదు కదా, ఎడమచేత్తో ఆ పలకని నీళ్ళలో అటూ ఇటూ ఊపుతోంది, బట్టలన్నీ తడిసిపోయాయి. మిగతా ఐదు లేన్లూ ఆరున్నర నిమిషాల లోపే అయిపోయాయి. ఆ పిల్ల ఇంకా పదమూడు దగ్గరే ఉంది. మా క్లబ్ మీట్స్‌లో అయితే నేను ఫోన్ చూసుకుంటా ఇలాంటప్పుడు. ఇక్కడ ఎవరూ కదల్లేదు. పదిహేను. పదిహేడు. ఇది మోకాళ్ళ మీంచి దాదాపు నీళ్ళలోకి వంగిపోయి ఏదో అరుస్తోంది, నీళ్ళలో తల ఉన్న పిల్లకి ఏం వినపడుతుందో. నారింజ పలక ముంచి ఊపిన ఊపుకి అది చేతిలోంచి జారి నీళ్ళలో పడిపోయింది. ఆ పిల్ల దాని మీదుగా టర్న్ తిప్పుకుని వెళ్ళిపోయింది, వెళ్ళి గోడ ముట్టుకుంది, తొమ్మిది నిమిషాలకి కొంచెం ఇటు. ఐదుగురిలో ఎవరో టర్న్ తప్పు చేసి డిస్‌క్వాలిఫై అయ్యారంట, దాంతో ఈ పిల్ల ఐదోది అయింది. ఒక్క పాయింటు. మావాళ్ళు ఆ మీట్ ఇరవై పాయింట్ల పైనే తేడాతో ఓడిపోయారు, ఆ ఒక్క పాయింటు దేనికీ పనికిరాలేదు, అయినా బస్సు దగ్గర అందరూ ఆ పాయింటు గురించే మాట్లాడుకుంటున్నారు.

కార్‌లో ఇది "అమ్మా, ఈ మూడు వారాలూ క్లబ్ నుంచి ఒక్కళ్ళు కూడా మెసేజ్ పెట్టలేదు" అంది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది. కొంచెం ఆగి "వాళ్ళ తప్పు కాదులే, అక్కడ నేనూ ఎవరికీ పెట్టను" అంది.

ఆ వారం అది నన్ను అడక్కుండానే క్లబ్ కోచ్ దగ్గరకి వెళ్ళి మాట్లాడొచ్చింది. ఏం చెప్పావే అంటే, మే దాకా వారానికి మూడు రోజులే వస్తా, మీట్ ఉన్న రోజూ దాని ముందు రోజూ రాను, నాకు ఇచ్చే సెట్‌లో స్కూల్‌లో ఈదింది తగ్గించి ఇవ్వండి అని అడిగిందంట. ఆయన సరే అన్నాడు. నా బుల్లెట్ పాయింట్లకి పేరా లెక్చర్ ఇచ్చిన మనిషి దాని మూడు మాటలకి సరే అన్నాడు, కాకపోతే సీనియర్ గ్రూపులో పై బ్యాచ్ నుంచి కింద బ్యాచ్‌కి మార్చాడు. రెండు రోజులు ఏడ్చింది. ఫీజు మాత్రం తగ్గించలేదు, ఐదు రోజులకీ అంతే, మూడు రోజులకీ అంతే, ఏడాది కాంట్రాక్టు అంట.

మే నెల సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందు చెప్పరు. లీగ్ ఫైనల్స్, ఆ తర్వాత సీఐఎఫ్‌లో మా ప్రాంతాన్ని చూసే నార్త్ కోస్ట్ సెక్షన్ వాళ్ళ పోటీలు కాంకర్డ్‌లో, దానిలో బాగా చేసినవాళ్ళకి క్లోవిస్‌లో స్టేట్ మీట్, ఇవన్నీ ఏప్రిల్ చివర్నుంచి మే సగం దాకా. ఏపీ పరీక్షలు కూడా మే మొదటి రెండు వారాలే. పిల్లలు టేపర్‌లో ఉంటారు, అంటే ఈత తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇచ్చే రోజులు, సరిగ్గా ఆ రోజుల్లోనే రాత్రి ఒంటిగంట దాకా చదువు. ఆ వయసు వాళ్ళకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు, మా ఇంట్లో ఆ రెండు వారాలూ ఆరు దాటలేదు. మా దానికి సెక్షన్ కటాఫ్ అర సెకను లోపు తేడాలో పోయింది. భుజం వల్లా, నిద్ర వల్లా, ఇంకేదైనానా, చెప్పలేను. అది మాత్రం "పోతే పోయింది, హిస్టరీకి చదువుకోవచ్చు" అని చదువుకుంది, స్కూల్ రిలేలో తనతో ఈదే మిగతా ముగ్గురి కోసం మళ్ళీ కాంకర్డ్ వెళ్ళి గట్టు మీద నించుంది.

కొత్తగా మొదలెట్టేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే, గంటలు కాదు యార్డులు కలపండి, అదీ సీజన్ మొదలవకముందే, ఆ కాగితం ఇద్దరు కోచ్‌లకీ పిల్ల చేత ఇప్పించండి, మీరు ఇవ్వొద్దు. మీ రాష్ట్రంలో బయటి టీమ్ రూలు ఎలా ఉందో మీ స్కూల్ అథ్లెటిక్ డైరెక్టర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపులో అడిగితే ఐదుగురు ఐదు చెప్తారు. టెక్ సూట్, అంటే ఒంటికి అతుక్కుపోయే పోటీల సూట్, స్కూల్ డ్యూయల్ మీట్లకి కొనకండి, మూడు వందల డాలర్లు పెట్టి కొన్నదాన్ని ఒంటికి ఎక్కించడానికి లాకర్ రూమ్‌లో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాలి, నా గోరు ఒకటి విరిగింది, ఈ వయసులో అవసరమా నాకు.

వచ్చే నెల మళ్ళీ సీజన్. ఈసారి షీట్ నేను చెయ్యలేదు. ఫ్రిజ్ మీద అదే ఒక తెల్లకాగితం అంటించింది, రంగుల్లేవు, స్కూల్ నాలుగు, క్లబ్ మూడు (తగ్గించిన సెట్లతో), కింద మొత్తం 27,000 అని రాసి చుట్టూ గుండ్రంగా గీసింది. నిరుడు 39,500. ఆదివారం గడిలో ఏమీ రాయలేదు. మనబడి పరీక్షలున్నాయి కదా రాయనా అన్నా, పెన్ను లాక్కుంది. ఏప్రిల్‌లో క్లబ్ మీట్ ఉంది, రిలేకి దీని చోట్లో ఇంకో అమ్మాయిని వేశారంట, దీనికంటే అర సెకను ఫాస్ట్. ఆ సంగతి చెప్తూ పార్కా జిప్పు ఊడిపోయింది, కొత్తది కొనిపెట్టు అంది. క్లబ్‌దా స్కూల్‌దా అన్నా. "ఏ పేరూ లేనిది" అంది, నల్లరంగు, పొడుగ్గా మోకాళ్ళ కింద దాకా వచ్చేది. చూస్తున్నా, అవీ తక్కువేం లేవు.